శతాబ్దానికో పుస్తకం: ఓడల పట్టిక దగ్గర ఆగిపోయిన పాఠకునికి ఒక సమాధానం

ఇతరులకు కూడా సందర్భం తెలియాలి గనుక మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. ప్రాచీన గ్రీకు కాలం నుంచి నేటి వరకు ఇంచుమించు శతాబ్దానికొకటి చొప్పున 25 పుస్తకాలను ఒకే ఏడాదిలో చదవాలని మీరు సంకల్పించారు. జనవరిలో ట్రాయ్ యుద్ధాన్ని పాడిన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌తో మొదలుపెట్టి, రెండవ సర్గలో ఓడల పట్టిక వచ్చేసరికి ఆగిపోయారు. ఆగిన చోటు నుంచే సాగాలా, తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు ఇంగ్లీషు అనువాదాలను నమ్ముకోవచ్చా, ఏడాదిలో ఇదంతా పూర్తవుతుందా అన్నవి మీ మూడు సందేహాలు. డిగ్రీ కళాశాలల్లో పాఠాలు చెప్పిన నలుగురు మిత్రులం పదకొండేళ్ల కిందట ఇదే పని తలపెట్టాం. మేము చేసిన పొరపాట్లు మీకు పనికొస్తాయన్న నమ్మకంతో కాస్త విపులంగా రాస్తున్నాను.

మీరు ఆగిన చోటు గురించి సిగ్గుపడవలసిన అవసరం లేదు. ఆ పట్టికలో ఏ ఊరి నుంచి ఏ నాయకుడు ఎన్ని ఓడలతో ట్రాయ్ మీదికి వచ్చాడో వరుసగా చెబుతూ పోతారు. మొత్తం కూడితే 1,186 ఓడలు. విన్న గ్రీకులకు అందులో తమ ఊరి పేరు, తమ వంశపు పేరు వినిపించేవి గనుక అది వారికి పండుగ. పల్నాటి వీరుల కొలువులో ఒక్కొక్కరి పేరూ బిరుదూ చదువుతుంటే ఆ ఊరివాళ్లకు ఒళ్లు పులకరించినట్లే అదీను. మనకు ఆ పేర్లలో ఏదీ మన ఊరు కాదు. అందువల్ల దానిని దాటి నేరుగా ఆరవ సర్గకు వెళ్లండి. అక్కడ ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ యుద్ధం మధ్యలో ఒక్కసారి నగరంలోకి వచ్చి, భార్య చేరువలో దాది చంకలో ఉన్న పసిబిడ్డను ఎత్తుకోవడానికి చేతులు చాస్తాడు. తండ్రి శిరస్త్రాణం మీద ఊగుతున్న గుర్రపు వెంట్రుకల కుచ్చును చూసి ఆ బిడ్డ జడుసుకుని కేరుమంటూ దాది గుండెల్లోకి ఒదిగిపోతాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ నవ్వుతారు. హెక్టర్ ఆ శిరస్త్రాణాన్ని తీసి నేల మీద పెట్టి, అప్పుడు బిడ్డను ముద్దాడతాడు. ఈ ఘట్టం చదివాక ఇరవై నాలుగవ సర్గకు వెళ్లండి. అక్కడ అదే హెక్టర్ తండ్రి ప్రియాం, తన కొడుకును చంపిన అకిలీజ్ గుడారానికి రాత్రివేళ వెళ్లి, ఆ చేతులనే ముద్దుపెట్టుకుని శవాన్ని ఇమ్మని వేడుకుంటాడు. ఈ రెండు సర్గలూ మనసుకు పడితే మిగిలినదంతా మీరే వెనక్కి వెళ్లి చదువుకుంటారు. పడకపోతే ఇలియడ్‌ను కొన్నేళ్లు పక్కన పెట్టినా నష్టమేమీ లేదు.

అయితే మీరు ఆగిపోవడానికి అసలు కారణం ఆ పట్టిక కాదని నా అభిప్రాయం. మీరు పంపిన జాబితా గ్రీసులో మొదలై రోముకు, అక్కడి నుంచి ఇటలీకి, ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు, రష్యాకు నడుస్తుంది. అందులో నిలబడి చూడడానికి మీకంటూ ఒక గట్టు లేదు. ఎనిమిదవ శతాబ్దం, పదమూడవ శతాబ్దం అన్నవి అంకెలుగానే ఉంటాయి తప్ప, ఆ కాలంలో మనవాళ్లు ఏం రాస్తున్నారో, ఏం పాడుకుంటున్నారో దాని పక్కన కనిపించదు. పదకొండవ శతాబ్దం నుంచి ఇప్పటి వరకు తెలుగులో ఖాళీ శతాబ్దమన్నదే లేదు. ఆ వరుసను కొలబద్దగా పెట్టుకుని, దాని పక్కన ప్రపంచ గ్రంథాలను పేర్చుకోండి. మా నలుగురి చదువు మొదటి ఏడాది కుంటినడక నడిచి, ఈ పద్ధతికి మారిన తరువాతే గాడిలో పడింది.

ఉదాహరణకు పదకొండవ శతాబ్దాన్నే తీసుకోండి. జపాను రాజాస్థానంలో ఉన్న మురసకి షికిబు అనే స్త్రీ గెంజి గాథ రాస్తున్నదని ఆమె దినచర్యలోని 1008 నాటి మాటల వల్ల తెలుస్తుంది. 1010లో పర్షియన్ కవి ఫిరదౌసి షానామాను ముగించాడు. 1022లో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు సింహాసనమెక్కాడు. ఆయన కోరిక మీదనే నన్నయ భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాడు. ఈ మూడూ ఇంచుమించు ఒకే తరంలో జరిగాయని గమనించిన రోజు మాలో ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు. నన్నయను ఆదికవి అని తరగతిలో పాతికేళ్లు చెప్పిన మనిషి ఆయన. అదే వేళ మరో సముద్రం ఒడ్డున ఒకామె ఇలాంటి పని చేస్తూ ఉండేదని ఎన్నడూ తలచుకోలేదట.

ఫిరదౌసి విషయంలో మనకు మరొక సౌకర్యం ఉంది. గుర్రం జాషువా ఫిరదౌసి కావ్యాన్ని ముందు చదవండి. గజనీ మహమూదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి చివరకు వెండి నాణేలు పంపాడన్న ఐతిహ్యం దానికి మూలం. మసీదు గోడ మీద పద్యాలు రాసిపోయిన ఆ కవి మీద జాలి కలిగాక, ఆయన రాసినదేమిటో చూడాలన్న కుతూహలం దానంతట అదే పుడుతుంది. షానామా దాదాపు 50,000 ద్విపదల గ్రంథం, దానిని మొత్తంగా చదవనక్కరలేదు. డిక్ డేవిస్ ఇంగ్లీషు అనువాదంలో రుస్తుం, సొహ్రాబ్‌ల ఘట్టం చదివితే చాలు. తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎరుగకుండా పోరాడే ఆ కథ మీకు అర్జునుణ్ణీ బభ్రువాహనుణ్ణీ తప్పక గుర్తు చేస్తుంది. ఫలితం మాత్రం అక్కడ తారుమారవుతుంది, తిరిగి బతికించే మణి ఏదీ ఉండదు.

గెంజి గాథ వేరు. ఇది 54 అధ్యాయాల నవల, మధ్యలో దాదాపు ఎనిమిది వందల చిన్న పద్యాలు ఉంటాయి. ఇంగ్లీషు పాఠకులు అందరూ ఫిర్యాదు చేసేది ఒక్కటే: ఇందులో మనుషులకు పేర్లు ఉండవు. అందరినీ పదవితోనో, ఉండే మందిరంతోనో, ఏదో పద్యంలో వచ్చిన పువ్వుతోనో పిలుస్తారు. పదోన్నతి రాగానే ఆ పిలుపు కూడా మారిపోతుంది. తెలుగింట పెరిగినవారికి ఇది అంత కష్టం కాకూడదు. మా నాయనమ్మ తన జీవితంలో తాతయ్య పేరు పలకలేదు; మా ఇంట్లో మనుషులంతా కాకినాడ అత్తయ్య, పెద్దింటి మామయ్య, మేడమీదావిడ, కరణంగారి కోడలు. వారి అసలు పేర్లు పెళ్లి శుభలేఖల్లో తప్ప ఎక్కడా చూడలేదు. పేరు పలకకపోవడం మర్యాద అన్న లోకం నుంచే మనమూ వచ్చాం గనుక, ఆ కోటలోని మనుషులను ఆ తీరుగానే పోల్చుకోవచ్చు.

మురసకి గురించి మరొక మాట. తండ్రి తన కొడుక్కి చైనా గ్రంథాలు చెబుతుంటే, పక్కన కూర్చుని విన్న ఈమెకు అవి సోదరునికన్నా త్వరగా పట్టుబడ్డాయని, ఇది మగపిల్లవాడైతే ఎంత బాగుండేదని తండ్రి నిట్టూర్చేవాడని ఆమే తన దినచర్యలో రాసుకుంది. ఈ పేరా నేను తరగతిలో చదివి వినిపించిన రోజున ఆడపిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గెంజి మరణాన్ని ఆమె రాయలేదు. ఆ చోట ‘మేఘాల చాటున’ అనే అర్థం వచ్చే అధ్యాయపు శీర్షిక ఒక్కటే ఉన్నది, దాని కింద ఒక్క అక్షరం కూడా లేదు. తరువాతి అధ్యాయం తెరిచేసరికి కథానాయకుడు పోయి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

ఇక్కడ మీ రెండవ ప్రశ్నకు వస్తాను. అనువాదం మీద ఆధారపడడం తక్కువ పని కాదు. నన్నయ, తిక్కన, ఎర్రన చేసినది కూడా అదే గదా. కానీ ఏ పుస్తకం అన్న ప్రశ్న కన్నా ఎవరి అనువాదం అన్న ప్రశ్న ముందు రావాలి. గెంజి గాథను ఆర్థర్ వేలీ 1925 నుంచి 1933 దాకా ఇంగ్లీషు చేశాడు. అది ఎంతో హాయిగా సాగుతుంది గానీ, ఆయన ఒక అధ్యాయాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు. 1976లో వచ్చిన సైడెన్‌స్టికర్ అనువాదం పొడి మాటలతో చురుగ్గా నడుస్తుంది. 2001 నాటి టైలర్ అనువాదం పిలుపుల మార్పులను కూడా ఉన్నదున్నట్లు పాటిస్తుంది, అందువల్ల మొదటిసారి చదివేవారికి దారి తప్పిస్తుంది. మీరు సైడెన్‌స్టికర్‌తో మొదలుపెట్టండి. హోమర్ ఒడిస్సీకి వస్తే, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇ. వి. ర్యూ చేసిన వచనానువాదం కన్నా మంచి ద్వారం లేదు. 1946లో పెంగ్విన్ క్లాసిక్స్ వరుసలో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదే. మామూలు ఇంగ్లీషు తెలిసినవాడు చదవగలగాలన్నదే దాని ఉద్దేశం. పద్యం కావాలంటే ఎమిలీ విల్సన్ 2017లో మూలంలో ఎన్ని పంక్తులున్నాయో అన్నే పంక్తుల్లో చేసిన అనువాదం ఉంది.

లోపలి పుటలో అనువాదకుని పేరు లేని పుస్తకాన్ని ఎంత చవకగా దొరికినా కొనవద్దు. నేను పుస్తక ప్రదర్శనలో అందమైన అట్టతో ఉన్న స్పానిష్ నవల డాన్ కిహోటేను కొని, మూడు వారాలు చదివి, మిత్రులతో వాదించడానికి కూర్చున్నాక తెలిసింది, నా చేతిలో ఉన్నది పిల్లల కోసం కుదించినదని. అట్ట మీద గానీ లోపల గానీ ఎక్కడా ఆ మాట లేదు. రెండవ భాగం మొత్తం మాయం! ఆ పుస్తకానికి రెండవ భాగమే ప్రాణమని తరువాత తెలిసి మరింత బాధపడ్డాను. మొదటి భాగం 1605లో వచ్చింది. 1614లో ఇంకెవరో మారుపేరుతో దొంగ రెండవ భాగం అచ్చు వేశారు. 1615లో సెర్వాంటెస్ రాసిన అసలు రెండవ భాగంలో, ఊళ్లో జనం మొదటి భాగాన్ని అప్పటికే చదివేసి ఉంటారు. కిహోటే ఎక్కడికి వెళ్లినా ఎదురైనవాళ్లకు ఆయన కథ తెలుసు. ఆ దొంగ పుస్తకం సంగతి కూడా కథలోకి వస్తుంది. పైగా ఇదంతా ఒక అరబ్బు చరిత్రకారుడు రాసినదని, టొలీడో బజారులో ఆ కాగితాలు దొరికితే ఎండుద్రాక్షలూ గోధుమలూ ఇచ్చి అనువాదం చేయించుకున్నానని రచయిత నమ్మబలుకుతాడు. దీని పక్కన మన పదహారవ శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పెట్టి చూడండి. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ పాత్రల బతుకులో నిజంగా జరుగుతుంది. కథకూ బతుకుకూ మధ్య ఉండే గోడకు మన సూరన అప్పటికే కన్నం వేసి ఉంచాడు.

పదకొండవ శతాబ్దానికి ముందు మన కొలబద్ద పలచబడుతుంది, నిజమే. కానీ పూర్తిగా మాయం కాదు. శాతవాహన రాజు హాలుని పేర వచ్చిన గాథాసప్తశతి ప్రాకృత గ్రంథమే అయినా, అందులోని కొన్ని మాటలు తెలుగువేనని పండితులు చూపించారు. లాటిన్ కవులు వర్జిల్, ఓవిడ్‌ల రోము పక్కన దీనిని ఉంచుకోండి. ఎనిమిదవ శతాబ్దపు చైనాకు వచ్చేసరికి మన భాష రేనాటి చోళుల శాసనాల్లో భూదానాల లెక్కలు రాసుకుంటూ ఉంది. 848లో అద్దంకి శాసనంలో పండరంగని విజయాలు తరువోజ పద్యంగా రాతికెక్కే దాకా మనకు ఛందస్సు కనబడదు. అదే ఎనిమిదవ శతాబ్దంలో దు ఫు అనే కవి, 755లో రేగిన అన్ లుషాన్ తిరుగుబాటులో చిక్కుకుని, శత్రువుల చేతిలో ఉన్న రాజధాని చాంగాన్ నుంచి దూరంగా ఉన్న భార్యను తలచుకుని ఎనిమిది పంక్తుల పద్యం రాశాడు. అతడు చంద్రుణ్ణి చూస్తూ తన విరహం చెప్పుకోడు. ఆ ఊళ్లో ఆమె ఒక్కతే ఈ రాత్రి చంద్రుణ్ణి చూస్తూ ఉంటుందని, పక్కన ఉన్న పసిపిల్లలకు అమ్మ చాంగాన్‌ను ఎందుకు తలచుకుంటున్నదో తెలిసే వయసు కాదని చెబుతాడు. మేఘసందేశం చదివినవారికి ఈ ఎనిమిది పంక్తుల పొదుపు చెంప మీద చల్లని నీళ్లు చల్లినట్లు ఉంటుంది. పనిలో పనిగా ఒక సలహా: ఈ శతాబ్దానికి లావుపాటి గ్రంథం వెతకవద్దు, ఇలాంటి ఇరవై పద్యాలు చాలు.

పదమూడవ శతాబ్దంలో తిక్కన ఉన్నాడు, అదే శతాబ్దంలో 1265లో ఇటలీ కవి డాంటే పుట్టాడు. చదువుకున్నవారి భాష లాటిన్ అయిన కాలంలో డాంటే తన దివ్య ప్రహసనాన్ని (డివైన్ కామెడీ) తన ఊరి టస్కన్ భాషలో రాశాడు, జనం మాట్లాడే భాషలో రాయడం ఎందుకు సబబో లాటిన్‌లో వేరే గ్రంథం రాసి వాదించాడు. మన పాల్కురికి సోమనాథుడు సంస్కృత సమాసాల బరువును పక్కకు నెట్టి, అందరికీ సామాన్యమైన జానుతెనుగులో, ద్విపదలో బసవపురాణం చెబుతానన్నది ఇదే వాదం. నా మటుకు నేను ఈ రెంటినీ కలిపి చదివాకనే డాంటే కేవలం నరకాన్ని వర్ణించిన కవిగా కాక, ఒక భాష కోసం పంతం పట్టిన మనిషిగా అర్థమయ్యాడు. ఆ గ్రంథంలో 100 సర్గలు ఉన్నాయి, నరకం అనే మొదటి భాగానికి 34, మిగిలిన రెండు భాగాలకూ 33 చొప్పున. రోజుకొక సర్గ చొప్పున నరకం మాత్రం చదివి ఆగండి.

మౌఖిక కావ్యాల విషయంలో శతాబ్దం లెక్క చెదిరిపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలో మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంద్యాత పదమూడవ శతాబ్దపు రాజు. ఆయన కథను వంశపారంపర్య గాయకులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. అది నియానె అనే చరిత్రకారుని చేతి మీదుగా ఫ్రెంచి వచనంగా పుస్తకమైనది మాత్రం 1960లో. దీనిని ఏ గడిలో వేయాలి? పల్నాటి యుద్ధం పన్నెండవ శతాబ్దానిది, ద్విపద కావ్యం శ్రీనాథుని పేరున పదిహేనవ శతాబ్దానిది, కారెంపూడిలో కొలుపులు నేటికీ జరుగుతున్నాయి. గడులు మనం గీసుకున్నవే గనుక మీకు తోచిన చోట వేసుకోండి.

పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల గురించి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. 1755 నాటి లిస్బన్ భూకంపం తరువాత 1759లో వోల్టేర్ రాసిన కాండీడ్‌ను రెండు సాయంత్రాల్లో చదివేయవచ్చు. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్‌ను ఇంగ్లండులో కూడా ఇప్పుడు ఎక్కువమంది చదవరు, కానీ మనం చదవాలి. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రకు ప్రేరణ అదే, ఆ రాజశేఖర చరిత్ర మళ్లీ 1887లో ఇంగ్లీషులోకి వెళ్లింది. రష్యన్ల దగ్గర మీ జాబితాలో ఉన్న యుద్ధమూ శాంతిని తీసేసి, 1886 నాటి ఇవాన్ ఇల్యీచ్ మరణాన్ని పెట్టుకోండి. పెద్దది చదవాలన్న కోరిక దాని తరువాత తప్పక వస్తుంది. మాస్కోలో అచ్చయి మనకు చవకగా అందిన తెలుగు అనువాదాలు పాత పుస్తకాల దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు అక్కడే ఉండి చేసినవి అవి. ఈ ఒక్క శతాబ్దానికి మీరు ఇంగ్లీషు మీద ఆధారపడవలసిన అవసరమే తక్కువ. ఇరవయ్యవ శతాబ్దానికి నైజీరియా రచయిత చినువా అచెబె 1958 నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ను నా వంతుగా గట్టిగా సిఫారసు చేస్తాను. సామెత లేకుండా మాట సాగని ఊరు, కులపెద్దల తీర్పులు, ఊరికి కొత్తగా వచ్చిన మిషనరీలు, వారి వైపు మొదట వెళ్లినవారు ఊరు వెలివేసినవారే కావడం, ఇవేవీ తెలుగు పాఠకునికి పరాయివి కావు.

మరి మొదట ఏది? గిల్గమెష్. మీ జాబితాలో అది లేనే లేదు, నాకదే ఆశ్చర్యం. మట్టి పలకల మీద రాసిన ఈ కావ్యం రెండు వేల ఏళ్లకు పైగా మరుగున పడి, నేటి ఇరాక్‌లోని మోసుల్ దగ్గర నినెవే శిథిలాల్లో బయటపడింది. అందులోని జలప్రళయ కథను జార్జ్ స్మిత్ 1872లో లండన్‌లో చదివి చెప్పాడు. వంద పుటలు దాటదు. మిత్రుడు చనిపోయాక చావు లేకుండా ఉండే మందు కోసం లోకం చివరికి వెళ్లిన రాజుకు, ప్రళయం నుంచి బతికిన ముసలాయన ఒక పరీక్ష పెడతాడు: ముందు ఆరు పగళ్లూ ఏడు రాత్రులూ నిద్రపోకుండా ఉండు చూద్దాం. రాజు కూర్చున్న చోటనే కునుకు తీస్తాడు. లేచాక నిద్రపోలేదని బుకాయిస్తాడని తెలిసి, ముసలాయన తన భార్య చేత రోజుకొక రొట్టె కాల్పించి అతని తల దగ్గర వరుసగా పెట్టిస్తాడు. రాజు కళ్లు తెరిచి, ఇప్పుడే గదా కన్ను మూతపడింది అంటాడు. అప్పుడు రొట్టెలు చూపిస్తారు: మొదటిది ఎండి గట్టిపడింది, రెండవది తోలులా సాగుతోంది, తరువాతివాటిలో ఒకటి తెల్లబారింది, మరొకటి బూజు పట్టింది, ఏడవది ఇంకా నిప్పుల మీద ఉంది. రొట్టెలతో కాలాన్ని లెక్కకట్టిన ఈ ఇల్లాలి పేరు కావ్యం చెప్పదు. మా ఇంట్లో ఈ భాగం చదివి వినిపిస్తే మా ఆవిడ, అన్ని రొట్టెలూ వృథా చేసిందన్నమాట అంది.

ఏడాదిలో పూర్తవుతుందా అన్న మీ చివరి ప్రశ్నకు, కాదు అని సూటిగా చెప్పడమే మర్యాద. రోజుకు ఇరవై పుటలు చదివితే నెలకు ఆరు వందలవుతాయి గనుక లెక్క కాగితం మీద సరిపోతుంది. కానీ వర్జిల్‌కూ అచెబెకూ ఒకే వేగం కుదరదు. మాకు నాలుగున్నరేళ్లు పట్టింది. గెంజి ఒక్కటే ఏడు నెలలు తిన్నది. దాని పన్నెండవ అధ్యాయంలో నాయకుడు రాజధాని విడిచి సుమ అనే సముద్రతీరానికి వెళ్లిపోతాడు. ఎంతోమంది పాఠకులు అక్కడిదాకా వచ్చి పుస్తకం మూసేస్తారు గనుక, అలాంటివారిని వెక్కిరించడానికి జపనీయులకు ఒక మాటే ఉంది, ‘సుమ దగ్గర వెనుదిరగడం’ అని. మా నలుగురిలో నన్నయ పాఠం చెప్పిన ఆ మిత్రుడు ఇప్పటికీ సుమ దాటలేదు. ప్రతి సంక్రాంతికీ మళ్లీ మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడతాడు, మళ్లీ అక్కడికే చేరి ఆగుతాడు, అక్కడిదాకా మాత్రం మా అందరికన్నా బాగా చెప్పగలడు.